కడిగి తెచ్చిన బండి

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, రేకుల షెడ్డు కింద, నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఉద్యోగం అంటే మీరు నవ్వుతారేమో. మోటారు సైకిళ్ళు బాగుచేసే పనికి అంత పెద్ద మాట ఎందుకని మా చుట్టాలు కూడా నవ్వేవారు. మా ఇంట్లో మాత్రం పొద్దున్నే నేను అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరితే "డ్యూటీకి పోయిండు" అనే చెప్పేవాళ్ళు. ఆ మాట నాకు చాలా ఇష్టం. మెకానిక్‌గా చేరి మెకానిక్‌గానే మానేశాను. మోకాళ్ళు మొండికేశాయి గానీ, లేకపోతే ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఏదో ఒక చక్రం ముందు చతికిలబడి ఉండేవాణ్ణి.

ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు, మిమ్మల్ని బాగా సతాయించిన పని ఏదని. ఇంజను సంగతో, గేరుబాక్సు సంగతో చెబుతానని వాళ్ళ ఆశ. ముందు షాకప్ ఆయిల్ సీలు అంటాను నేను. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. చిన్న గాజంత రబ్బరు రింగు, దాన్ని మార్చడం కూడా ఒక ఘనకార్యమా అన్నట్టు చూస్తారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

బండ్ల గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మోటారు సైకిలు ముందు చక్రానికి అటొకటి ఇటొకటి రెండు కాళ్ళుంటాయి. పైన మెరిసే పైపు, కింద లావాటి గొట్టం. గుంతలో పడినప్పుడల్లా పైపు ఆ గొట్టంలోకి దిగి మళ్ళీ లేస్తుంది. లోపల నూనె ఉంటుంది. ఆ నూనె బయటికి రాకుండా గొట్టం మూతి దగ్గర పట్టుకుని ఉండేదే ఈ సీలు. అది పాడైతే నూనె కారుతుంది. బాగా కారితే కిందికి జారి ముందు చక్రం బ్రేకులోకి దిగుతుంది. అప్పుడు బ్రేకు ఎంత గట్టిగా పట్టినా బండి ఆగదు. ఈ కథకి ఇంతకు మించి శాస్త్రం అక్కర్లేదు.

షెడ్డు మా ఉస్తాద్‌ది. పాతబస్తీ నుంచి రోజూ ఒక ముసలి స్కూటర్ మీద వచ్చేవారు. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను, తిట్లూ ఆయన దగ్గరే తిన్నాను. చేతులు మంచివి, నోరు మంచిది కాదు. ఆయనకొక పట్టుదల ఉండేది. బురదతో, దుమ్ముతో ఉన్న బండి షెడ్డు లోపలికి రాకూడదు. గల్లీ మొగలో నల్లా ఉంది, అక్కడ శుభ్రంగా కడిగి తేవాలి. బషీర్‌బాగ్ ఆఫీసుల నుంచి టై కట్టుకుని వచ్చిన వాళ్ళని కూడా ఆయన మొహమాటం లేకుండా వెనక్కి పంపేవారు. డాక్టరు దగ్గరికి స్నానం చేయకుండా పోతారా అని అడిగేవారు. చేతులకి మట్టి అంటదు గనక మాకు ఆ నియమం మహా సుఖంగా ఉండేది. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళు మమ్మల్ని నవాబులని ఎగతాళి చేసేవారు.

ఇక నన్ను అంతగా సతాయించిన ఆ బండి మనిషి. పాలమూరు జిల్లా నుంచి అమ్మానాన్నలతో చిన్నప్పుడే మట్టి పనికి వచ్చి, అశోక్‌నగర్ నాలా పక్క బస్తీలో పెరిగాడు. వయసులో నాకంటే చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు. అతను సినిమా రీళ్ళు మోసేవాడు. ఈ కాలం వాళ్ళకి ఆ పని పేరే తెలియదు. అప్పట్లో కొత్త సినిమా ప్రింటు ఒకటే దొరికితే రెండు హాళ్ళు పంచుకుని ఆడించుకునేవి. మా చౌరస్తా దగ్గరి హాల్లో ఆట ముందు మొదలవుతుంది, నారాయణగూడ హాల్లో కాస్త వెనకగా. ఇక్కడ ఒక రీలు తిరగడం అయిపోగానే రేకు డబ్బాలో పెట్టుకుని ఇతను అక్కడికి పరుగెత్తాలి. ఇచ్చి వెంటనే వెనక్కి రావాలి, అప్పటికి ఇంకో రీలు సిద్ధంగా ఉంటుంది. పొద్దున ఆట నుంచి రాత్రి ఆట దాకా ఇదే తిరుగుడు. అతను కాస్త ఆలస్యం చేస్తే అక్కడ తెర తెల్లబోతుంది, జనం కుర్చీలు విరుస్తారు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ సినిమాలు మోసినవాడు గానీ ఒక్కటీ మొత్తం చూసినవాడు కాదు. హీరోయిన్ చివరికి ఎవరిని చేసుకుందో మేమే అతనికి చెప్పేవాళ్ళం.

పాత బండి ఒకటి కొనుక్కుని ఈ పనిలో కుదిరాడు. ఆ మరుసటి ఏడే పెళ్ళి చేసుకున్నాడు. భార్యదీ పాలమూరే. గాంధీనగర్‌లో అప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లు లేస్తుండేవి, ఆ అమ్మాయి అక్కడ ఇటుకలు మోసేది. ఇద్దరూ మోసేవాళ్ళే, కాకపోతే మా ఆయన బరువు పరుగెత్తుతదని ఆమె నవ్వేదట.

పెళ్ళయిన కొన్నాళ్ళకి బండి ముందు షాకప్‌లు కారడం మొదలుపెట్టాయి. మామూలే అనుకుని సీళ్ళు మార్చాను. కొద్ది రోజులకే మళ్ళీ వచ్చాడు, రెండు కాళ్ళూ నూనె కారుతున్నాయి. మళ్ళీ మార్చాను. మళ్ళీ వచ్చాడు. సీళ్ళు నకిలీవని ఉస్తాద్ అన్నారు, ఈసారి తానే స్వయంగా వెళ్ళి మంచివి చూసి తెచ్చారు. అవీ కారాయి. పైపు మీద గీత పడి ఉంటుందని గోరుతో పైనుంచి కిందికి తడిమి చూశాం, సన్న ఎమరీ కాయితంతో రుద్దాం, చివరికి పైపులే కొత్తవి వేశాం. ఫలితం లేదు. రీళ్ళ డబ్బాలు పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకోవడం వల్ల బరువంతా ముందుకు పడుతున్నదని తేల్చి, వెనకాల ఇనుప క్యారియర్ చేయించాం. అప్పుడూ కారింది.

మా ఎదురుగా చాయ్ హోటల్ ఉండేది. ఆ బండి గల్లీలోకి తిరగగానే హోటలాయన, మీ పేషంటు మళ్ళీ అడ్మిట్ అయిండు అని కేకేసేవాడు. ఉస్తాద్‌కి ఒళ్ళు మండిపోయేది. ఆయన చేతిలో పడ్డ బండి అదే జబ్బుతో తిరిగి రావడం అంతవరకూ జరగలేదు. కొన్నాళ్ళు చాయ్ తాగేటప్పుడు కూడా గోడ వైపు తిరిగి కూర్చున్నారు. రీళ్ళాయన మాత్రం మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వచ్చిన ప్రతిసారీ బండిని నల్లా దగ్గర అద్దంలా కడిగి, పాత లుంగీ గుడ్డతో తుడిచి మరీ తెచ్చేవాడు. అంత వినయం చూస్తే మాకు ఇంకా సిగ్గేసేది.

అలా నడుస్తుండగానే అతను పడ్డాడు. నారాయణగూడ చౌరస్తాలో అడ్డంగా రిక్షా వస్తే బ్రేకు పట్టాడు, బండి ఆగలేదు. పక్కకు తిప్పి పడిపోయాడు. మోచెయ్యి చెక్కుకుపోయింది, రేకు డబ్బా ఊడి రీలు రోడ్డు మీద పరుచుకుంది. దాన్ని ఏరి చుట్టుకుని హాలుకి పోయేసరికి లోపల జనం అరుపులు, మేనేజరు బయట నిలబడి ఉన్నాడు. ఇంకొక్కసారి రీలు ఆగిందంటే గేటు దగ్గరికి కూడా రావొద్దని చెప్పేశాడు. మేం చక్రం విప్పి చూస్తే బ్రేకు లోపల షాకప్ నూనె నిండి ఉంది. ఆ రోజు ఉస్తాద్ అన్నం తినలేదు.

బ్రేకు కొత్తది వేశాం, సీళ్ళు మళ్ళీ మార్చాం. ఈసారి మరీ తొందరగా కారడం మొదలైంది. అది మాకు అస్సలు అర్థం కాలేదు. అంతకుముందు కొన్ని వారాలు పట్టేది, పడ్డ తర్వాత వారం తిరక్కుండా నూనె కనపడింది.

అది శుక్రవారం, పెద్ద హీరో సినిమా రిలీజు. చౌరస్తా అంతా జనం, పూలదండలు, డప్పులు. ఆట మొదలవడానికి ఇంకా కాస్త సమయం ఉందనగా అతను బండి తోసుకుంటూ వచ్చాడు. ముందు చక్రం మీద నూనె చారికలు కారుతున్నాయి. బండి నిండా దుమ్ము.

"కడగకుండ తెచ్చినవేంది?" అన్నారు ఉస్తాద్.

"నల్లా రాలే ఉస్తాద్. ఆట టైం అయితున్నది. జర చూడు, నీ కాళ్ళు మొక్కుత."

ఉస్తాద్ ఒక్క క్షణం అతని ముఖం చూసి పక్కకు జరిగారు. మురికి బండి మా షెడ్డులోకి రావడం నేను చూడడం అదే మొదటిసారి. ఆయన దాని ముందు గొంతుక్కూర్చుని పైపులకి కళ్ళు దగ్గరగా పెట్టి చూశారు. తర్వాత నన్ను పిలిచి వేలితో చూపించారు. మెరిసే పైపుల మీద, రెండింటికీ, జానెడు పొడుగున పసుపు పూసి ఉంది. దాని మీద కుంకుమ బొట్లు. గడపకి పూసినంత నీటుగా, ఒద్దికగా ఉంది. ఎండిపోయి అంచుల్లో పొడి రాలుతున్నది. గుంతలో పడ్డప్పుడల్లా పైపు కిందికి దిగుతుంది కదా, పసుపు కూడా దాంతోపాటు దిగి సీలు మూతి దగ్గర పచ్చటి వలయంలా పేరుకుంది.

ఉస్తాద్ దాన్ని కొద్దిగా గోటితో తీసి రెండు వేళ్ళ మధ్య నలిపారు. నా చేతిలో కూడా పెట్టారు. నూనెతో ముద్దయినా లోపల గరగరమంటున్నది. సీలు మీది రబ్బరు మూత లేపి చూస్తే సీలు అంచు కింద అదే ముద్ద నిండి ఉంది. ఇదివరకు విప్పినప్పుడు కూడా అక్కడ ఏదో కొద్దిగా మురికి ఉండేది. నూనెలో నల్లబడి ఉండేది గనక తుప్పు అనుకున్నాం. పైపు మీద ఉన్న పసుపు మా కంట పడే అవకాశమే లేదు. మా దగ్గరికి తెచ్చే ముందు అతను నల్లా దగ్గర దాన్ని శుభ్రంగా కడిగేసేవాడు.

ఇంతలో హాలు వైపు నుంచి ఈలలు వినపడ్డాయి, ఆట మొదలవబోతున్నది. బండి చూస్తే విప్పి పెట్టి ఉంది. ఉస్తాద్ తన స్కూటర్ తాళం నా చేతిలో పెట్టారు. ఆ స్కూటర్‌ని ఆయన కన్నకొడుక్కి కూడా ఇచ్చేవారు కాదు.

ఆ రోజు పొద్దున ఆట రీళ్ళు నేను నడిపే స్కూటర్ మీదే పోయాయి. వెనకాల అతను డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పోతూ వస్తూ, ఆ గోలలోనే, నా చెవి దగ్గర నోరు పెట్టి సంగతంతా చెప్పాడు. పెళ్ళయినప్పటి నుంచి ప్రతి శుక్రవారం అతని భార్య తెల్లారే లేచి ఇంటి గడపతో పాటు బండికీ పసుపు పూస్తుంది. ఆ రెండు పైపులు ఆమెకి గుమ్మానికి ఉండే రెండు నిలువు కమ్ముల్లా కనిపించాయట. బండికి అదే గుమ్మం అనుకుంది. అతను పడ్డ తర్వాత భయం పట్టుకుంది. అప్పటి నుంచి శుక్రవారం ఒక్కటే కాదు, మంగళవారం కూడా పూస్తున్నది. ఇంకా దట్టంగా పూస్తున్నది.

"ఆమెకు చెప్పొద్దన్నా," అన్నాడు. "నేను పడ్డప్పటి సంది సరిగ నిద్ర పోతలేదు. తన చేతుల వల్లనే పడ్డనని తెలిస్తే తట్టుకోదు."

చెప్పనని మాటిచ్చాను. సీళ్ళు ఇంకోసారి మార్చి, పొద్దున్నే బండి తీసే ముందు అతనే గుడ్డతో పసుపు తుడిచేసుకుంటే సరిపోతుందని మా లెక్క. ఆట అయిపోయి, తర్వాతి ఆటకి ముందు కాస్త ఖాళీ దొరికి షెడ్డుకి వచ్చాం. ఉస్తాద్ అప్పటికే అన్నీ విప్పి, పాత పేపరు పరిచి, సామానంతా వరసగా పెట్టుకున్నారు.

అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. పని మీద నుంచి అలాగే ఉరికొచ్చింది, తల మీద చుట్టగుడ్డ అలాగే ఉంది, చీరంతా సిమెంటు. వాళ్ళాయన ఎవరిదో స్కూటర్ మీద పోతున్నాడు, బండి కనపడలేదని ఎవరో చెప్పారట. మళ్ళీ పడ్డాడనుకుంది. అతను నిలబడి ఉండడం చూసి గుండెల నిండా ఊపిరి తీసుకుంది. చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. ఆ తర్వాత ఆమె కళ్ళు కింద పేపరు మీద పడ్డాయి.

కూర్చుని, సీలుకి అంటుకున్న ముద్దని వేలితో తీసింది. గ్రీజు అది, ముట్టకు, మరకలైతయి అన్నాడు భర్త. ఆమె వాసన చూసింది.

"నాకు తెల్వదా పసుపు?" అంది. ఒకసారి పైపుల వైపు చూసింది, ఒకసారి అతని మోచెయ్యి వైపు చూసింది. "అంటే నేనే పడగొట్టిన్నా?"

నేను నేల చూపులు చూశాను. అబద్ధం ఒకటి చెబుదామనుకున్నాను, ఒక్కటీ తట్టలేదు. బండ్ల కోసం వచ్చిన గిరాకీలూ, పక్క షెడ్డు వాళ్ళూ ఇటే చూస్తున్నారు.

ఉస్తాద్ చాయ్ గ్లాసు కింద పెట్టి లేచారు. పానాల పెట్టె లాక్కుని ఆ అమ్మాయికి ఎదురుగా కూర్చున్నారు. ఆయన కింద అన్నేళ్ళు పనిచేశాను. పని చెడితే సామాను మీద, రోడ్డు మీద, మా మీద, ఆఖరికి వానల మీద కోప్పడడం చూశాను గానీ, తన మీద వేసుకోవడం ఎన్నడూ చూడలేదు.

"సున్ బేటీ," అన్నారు. "పసుపు అక్కడ పూస్తే సీలు ఖరాబ్ అయితది. అది నిజం, నీకు అబద్ధం చెప్ప. కానీ నీకెట్ల మాలూమ్ అయితది? నువ్వు మెకానిక్కా? నేను మెకానిక్‌ని. బండి కడిగి తెమ్మని జిద్దు పట్టింది నేను. కడిగినంక నాకేం కనబడతది? మొదటిసారే నువ్వు పూసినట్ల తెస్తుంటే ఆ దినమే పట్టుకుంటుంటి. నీ మొగుడు పడింది నా జిద్దు వల్ల. గల్తీ నాది."

ఆమె ఏడుస్తుందేమోనని నాకు భయం వేసింది. ఏడవలేదు. చేతికంటిన పసుపుని చీర కొంగుకి తుడుచుకుని అడిగింది.

"అయితే ఏడ పెట్టాలె చాచా?"

ఉస్తాద్ లేచి బండి ముందు దీపం వెనకున్న ఇనుప డొప్ప మీద చెయ్యి పెట్టి చూపించారు. ఇది పైకి లేవదు, కిందికి దిగదు, దేనికీ రాసుకోదు, ఇక్కడ నీ ఇష్టమున్నంత పెట్టుకో అన్నారు. ఆమె కూడా ఆ దీపం మీద చెయ్యి పెట్టి చూసింది. సరేనని తల ఊపి, రెండడుగులు వేసి, మళ్ళీ ఆగింది.

"మా బస్తీల అందరం పైపులకే పెడతం చాచా. దసరాకైతే ఇంటింటికి పెడతం. గవన్నీ కారుతున్నయా?"

ఆ మాట మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ప్రతి ఏటా దసరా అయ్యాక మా షెడ్డుకి షాకప్‌లు కారే బండ్లు వరస కట్టేవి. వానలకి రోడ్లు గుంతలు పడ్డాయి, అందుకే అని మేమెప్పుడూ సర్దిచెప్పుకునేవాళ్ళం. ఆ గుంతల పేరు చెప్పి మున్సిపాలిటీని ఎన్ని తిట్టామో లెక్క లేదు. దసరాకి అందరూ బండ్లకి పూజ చేస్తారనీ, ఆ తర్వాత కడిగి మా దగ్గరికి తెస్తారనీ కలిపి చూసుకోలేదు.

ఆ సాయంత్రానికి బండి తయారైంది. రాత్రి ఆటకి అతను తన బండి మీదే రీళ్ళు మోశాడు. ఆ సీళ్ళు ఎంత కాలం వచ్చాయంటే, వాటిని మార్చాల్సి వచ్చేసరికి అతనికి కూతురు పుట్టింది.

పిల్లలూ, మీరు నన్ను పని గురించి అడుగుతారు గనక చెబుతున్నాను. పానా పట్టుకోవడం ఎవరైనా నేర్పుతారు. తిట్టి నేర్పినా కొట్టి నేర్పినా అది వచ్చేస్తుంది. ఇటుకలు మోసే ఒక ఆడపిల్ల ముందు కూర్చుని, గిరాకీలూ పక్క షెడ్డు వాళ్ళూ వింటుండగా, గల్తీ నాది అని చెప్పడం నాకు మా ఉస్తాద్ చూపించారు. ఆ తర్వాత నా చేతిలో చెడిన పనులు చాలానే ఉన్నాయి. ఆయన అలా చేయడం చూసి ఉండకపోతే వాటిలో సగం వానల మీదికి నెట్టేసేవాణ్ణి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఈ రోజుకీ పొద్దున చాయ్ తాగేటప్పుడు ఒకసారి ఆయన్ని తలచుకుంటాను. ఆ అమ్మాయికి కూడా నేను రుణపడే ఉన్నాను. ఎందుకో చెబుతాను.

ఆ ఏడు దసరాకి ముందు వారమంతా ఆమె పని దిగగానే బస్తీలో తిరిగింది. అక్కడితో ఆగలేదు. అశోక్‌నగర్‌లో, అడిక్‌మెట్ వైపు, తనకి తెలిసిన ఆడవాళ్ళున్న ప్రతి వాడకీ పోయింది. బండి కాళ్ళకి పసుపు వద్దు, దీపానికి పెట్టండి అని చెప్పింది. చాలామంది నవ్వారట, ఒకావిడ దేవుడి పనికి అడ్డం రావొద్దని కోప్పడిందట. వాళ్ళకి తన భర్త పడ్డ సంగతి, ఎందుకు పడ్డాడన్న సంగతి, దాచకుండా చెప్పింది. ఏ మాట ఆమె చెవిన పడకూడదని మేం మగవాళ్ళం అంత తంటాలు పడ్డామో ఆ మాట ఆమె తన నోటితోనే ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది.

దసరా వెళ్ళిపోయింది. మేం అలవాటు కొద్దీ సీళ్ళు ఎక్కువ తెచ్చి పెట్టుకున్నాం. బండ్లు రాలేదు. ఒకటీ అరా వచ్చాయి, అవీ దూరపు వాడల నుంచి. ఆ బిడ్డ మన గిరాకీ ఖరాబ్ చేసింది అని ఉస్తాద్ చాయ్ హోటలాయనకి చెప్పి పడీ పడీ నవ్వారు. తెచ్చిన సీళ్ళు చాలాకాలం డబ్బాలోనే ఉండిపోయాయి.

ఒక మధ్యాహ్నం ఆమె షెడ్డుకి వచ్చింది. పండగ తర్వాత మా దగ్గరికి ఎన్ని బండ్లు వచ్చాయో అడిగింది. మా వాడల నుంచి దాదాపు ఏమీ రాలేదని ఉస్తాద్ చెప్పారు. అబద్ధం కాదు కదా అని నన్ను కూడా అడిగింది. కాదన్నాను, సీళ్ళ డబ్బా తెరిచి చూపించాను. ఆమె ఆ డబ్బాలోకి తొంగి చూసి, అక్కడే గడప మీద కూర్చుంది.

"అయితే ఈ యేడు ఎవ్వరు పడలే," అంది.

ఆ మాట అనేసి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్త పడిన రోజు ఏడవలేదట, మా షెడ్డులో పసుపు చూసిన రోజూ ఏడవలేదు, అదంతా ఇప్పుడు వచ్చింది. ఉస్తాద్ ఆమెకి చాయ్ చెప్పారు. నేను చేతిలో పానా కింద పెట్టి, ఆమె ఏడవడం అయ్యేదాకా పక్కన కూర్చున్నాను.